అచ్చియ్యమ్మ కొడుకుల దురద

నేరేళ్ళలంక ఊళ్ళో ఉన్న తెలివిని మూడు వాటాలు వేస్తే, ఆ మూడు వాటాలూ తమ ఇంట్లోనే ఉన్నాయని అచ్చియ్యమ్మ కొడుకుల నమ్మకం. మరి మిగతా ఊరికేం మిగిలిందని అడిగితే పెద్దవాడు గవర్రాజు జాలిగా నవ్వి, "పాపం, ఆళ్ళూ బతకాలి కదండీ. ఏదో ఇంత ఉండే ఉంటది" అనేవాడు.

ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడు గవర్రాజు, నడిపివాడు అబ్బులు, చిన్నవాడు పేరన్న. ముగ్గురికీ మీసాలొచ్చాయి, కండలొచ్చాయి, పిల్లనిచ్చేవాళ్ళు మాత్రం రాలేదు. ఊళ్ళో ఏ తగువొచ్చినా సలహా కోసం వీళ్ళ గుమ్మం తొక్కినవాడు లేడు. అది చూసి తల్లి అచ్చియ్యమ్మ మురిసిపోయేది. "నా కొడుకుల తెలివి వాడితే అరిగిపోద్దని దాచుకుంటన్నారు ఊరోళ్ళు. పట్టుచీర రోజూ కట్టుకుంటామేంటి?" అనేది. కొడుకులు నిజమేనని తలలూపేవాళ్ళు. ఆ తల్లికి ఆ బిడ్డలు, ఆ బిడ్డలకి ఆ తల్లి. దేవుడు వెతికి వెతికి కలిపాడు.

వీళ్ళ నాన్న పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. "ఒరే, ఏదున్నా ముగ్గురూ పంచుకోండి, విడిపోకండి" అని. లోకంలో ప్రతి తండ్రీ చెప్పే మాటే. ప్రతి కొడుకూ సరేనని, పదో రోజు కాగానే గట్టు తగాదాకి దిగే మాటే. వీళ్ళు అలాంటివాళ్ళు కాదు, మాటంటే మాటే. తండ్రి కొనిపెట్టిన పంచెలు నాలుగున్నాయి పెట్టెలో. తలా ఒకటి కట్టుకుంటే అది పంచుకోవడమా, విడిపోవడమా? విడిపోవడమే అని గవర్రాజు తేల్చాడు. అంతే. మూడు పంచెలు పెట్టెలోనే ఉండిపోయాయి. ఒకే ఒక్క పంచె ముగ్గురి నడుములకీ వంతులవారీగా తిరగడం మొదలుపెట్టింది.

పొద్దున్నే గవర్రాజు కట్టుకుని చేలోకి వెళ్ళేవాడు. వస్తూ కాలవలో మునిగి, నీళ్ళోడుతున్న ఆ పంచె విప్పి అబ్బులుకిచ్చేవాడు. అబ్బులు అది చుట్టుకుని గేదెని కాలవకి తోలుకెళ్ళి, దాంతో పాటు తనూ పీకల్లోతు నీళ్ళలో కూర్చునేవాడు. సాయంత్రానికి అది పేరన్న నడుం చేరేది. పేరన్న ఆ తడి గుడ్డతోనే తిరిగి, ఆ తడి గుడ్డతోనే పడుకునేవాడు. వంతు రానివాళ్ళు గోనెపట్టా చుట్టుకుని అరుగు మీద కూర్చునేవాళ్ళు.

"పోనీ కాసేపు తీగె మీద ఆరేసుకోవచ్చు కదరా" అని ఎదురింటి బుల్లయ్య ఒకసారి అన్నాడు. అబ్బులు వాణ్ణి ఎగాదిగా చూశాడు.

"తీగె మీదేస్తే ఆ కాసేపూ అది తీగెదవుద్ది. నాన్న ముగ్గుర్నే పంచుకోమన్నాడు. తీగెతో కలిపితే నలుగురం అవమా?"

బుల్లయ్య గిరుక్కున తిరిగి తన ఇంట్లోకి వెళ్ళిపోయాడు. తమ తెలివికి దిమ్మ తిరిగి ఉంటుందని ముగ్గురూ సంబరపడ్డారు.

ఏడాది పొడుగునా తడి గుడ్డ చుట్టుకు తిరిగితే ఏమవుతుందో అదే అయింది. ముందుగా గవర్రాజుకి తొడల సందున దురద పుట్టింది. ఎర్రటి బిళ్ళలు లేచాయి. చెమట పడితే మంట, గోకితే హాయి, గోకడం ఆపితే మళ్ళీ మంట. అది చూసి అబ్బులు అలిగాడు. "ఏం అన్నయ్యా, నువ్వొక్కడివే గోక్కుంటన్నావు? నాన్నేం చెప్పాడు?" అన్నాడు. గవర్రాజు సిగ్గుతో తల దించుకున్నాడు. ఎంత సిగ్గుపడ్డాడో కానీ, నెల తిరక్కుండానే అబ్బులుకీ వచ్చింది, పేరన్నకీ వచ్చింది. అబ్బులుకి ముందు ఎడమ వైపే రావడంతో, "నాకు సగమే ముట్టింది" అని వారం రోజులు అన్నం మానేశాడు. చివరికి ముగ్గురికీ రెండు వైపులా సమానంగా వచ్చిన రోజున అచ్చియ్యమ్మ పరమాన్నం వండింది.

అలా ఆ దురదతో వాళ్ళు సుఖంగానే ఉండేవాళ్ళు. పేరన్నకి గరగ రాకపోయి ఉంటే ఈ కథే లేదు.

గరగంటే అమ్మవారి కుండ. జాతరనాడు దాన్ని తల మీద పెట్టుకుని డప్పులతో ఊరంతా తిరుగుతారు. ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్ళు పసుపు నీళ్ళు తెచ్చి, గరగ మోసేవాడి కాళ్ళ మీద పోసి దణ్ణం పెడతారు. ఏటా మోసే మనిషి ఆ ఏడు చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అమ్మవారి ముందు చీటీలు వేశారు. మొదటి చీటీలో పేరన్న పేరొచ్చింది. రెండో చీటీలో ఎదురింటి బుల్లయ్య పేరొచ్చింది. ఊరి పెద్ద ముత్యాలరావుగారు మొదటి చీటీని మూడుసార్లు తిప్పి తిప్పి చదువుకున్నారు. ఎన్నిసార్లు చదివినా అది మారలేదు. అమ్మవారి మాట కాదనడానికి ఆయనెవరు?

"ఒరే పేరన్నా, జాగ్రత్తగా విను" అన్నారాయన. "గుడి దగ్గర ఎత్తుకున్న గరగ మళ్ళీ గుడి చేరేదాకా రెండు చేతులూ దాని మీంచి తియ్యకూడదు. తల తెగిపడినా తియ్యకూడదు. తీశావా, ఆ క్షణమే బుల్లయ్య అందుకుంటాడు. ఇంక ఈ జన్మలో మీ ఇంటికి గరగ రాదు."

"తల తెగిపడితే గరగ దేని మీద పెట్టుకోవాలండి?" అని పేరన్న వినయంగా అడిగాడు.

ముత్యాలరావుగారు వినపడనట్టు వెళ్ళిపోయారు.

పేరన్నకి ఆ సాయంత్రం నేల మీద కాళ్ళు ఆనలేదు. పుట్టి బుద్ధెరిగాక ఊళ్ళో ఎవరూ అతన్ని ఒక్క పనికి పిలిచింది లేదు. పెళ్ళిలో పందిరి గుంజ పట్టుకోమన్నవాడు లేడు, చావులో కట్టె పేర్చమన్నవాడు లేడు. ఇప్పుడు ఊరు ఊరంతా తన కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంది. అచ్చియ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా బిడ్డ కాళ్ళ మీద అందరూ చెంబుడు పోస్తే నేను గంగాళం పోస్తాన్రా!" అంది. ఆ మాటకి పేరన్న కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఎలాగైనా ఈ ఒక్క పని సరిగ్గా చెయ్యాలి అనుకున్నాడు. పాపం, మనసు మంచిదే. మనసుతో పనులయిపోయేటట్టయితే వీడు ఈపాటికి దివాను అయి ఉండేవాడు.

మర్నాడు నీళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని పెరట్లో సాధన మొదలుపెట్టాడు. పది అడుగులు వేశాడు. తొడల సందున దురద లేచింది. పళ్ళు బిగించాడు. ఇంకో రెండు అడుగులు. ఇంకేముంది, చెయ్యి దానంతటదే కిందికి దిగింది, కుండ దానంతటదే నేల మీదికి దిగింది. ఆ రోజు ఏడు కుండలు పగిలాయి. గవర్రాజు చాలాసేపు ఆలోచించి, తప్పంతా కుండదేనన్నాడు. "కుండ లేకుండా చెయ్యరా, పగలడానికి ఏం ఉంటదో చూద్దాం!" అన్నాడు. పేరన్న ఉత్త చేతులు నెత్తిన పెట్టుకుని పెరడంతా తిరిగాడు, మధ్యలో రెండుసార్లు గోక్కున్నాడు, ఏమీ పగల్లేదు. అన్నలిద్దరూ చప్పట్లు కొట్టారు. "వచ్చేసింది, విద్య వచ్చేసింది!" అన్నారు.

పేరన్నకి మాత్రం బెంగ తగ్గలేదు. ఎదురింట్లో బుల్లయ్య బిందె నెత్తిన పెట్టుకుని, వీళ్ళకి కనపడేట్టు వాకిట్లో తిరగడం మొదలుపెట్టాడు. జాతర ఇంకా ఇరవై రోజులుంది. "అన్నయ్యా, ఈ దురద పోవాలి. పోకపోతే నా గరగ పోద్ది" అన్నాడు పేరన్న. అంతే, ముగ్గురూ పొరుగూరి వైద్యుడు సోమయ్యగారి దగ్గరికి బయల్దేరారు. పంచె పెద్దవాడి నడుముకి, గోనెపట్టాలు తమ్ముళ్ళ నడుములకి.

సోమయ్యగారు మంచి వైద్యుడు, చెడ్డ కోపిష్టి. "ఎక్కడ్రా దురద?" అన్నాడు.

"ఇంటి దగ్గరుందండి. చేలో ఉందండి. వచ్చేప్పుడు దారిలో కూడా ఉందండి" అన్నాడు గవర్రాజు.

"ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది?"

"గోక్కోనప్పుడండి."

సోమయ్యగారు గాలి గట్టిగా పీల్చి, చూపించమన్నాడు. చూసి, మొహం తిప్పుకుని, చేతులు కడుక్కున్నాడు. "తామర. ముగ్గురికీ ఒక్క తీరుగా ఉందంటే ఇది ఒంట్లో పుట్టింది కాదు, ఏదో అంటిస్తోంది. దీని కారణం మీ ఇంట్లోనే ఉంటుంది. ముందు అదేమిటో వెతకండి. దొరికితే బయట పారెయ్యండి. అది పోకుండా నేను మందిస్తే బూడిదలో పోసిన పన్నీరే. ఇంతకీ మీరు కట్టుకునే బట్టలు..." అంటూ తల ఎత్తాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఇంట్లో ఉందని చెప్పాక ఇంకా అక్కడ నిలబడతారా తెలివైనవాళ్ళు? అప్పటికే వీధి మలుపు తిరిగేశారు.

ఇంటికొచ్చి వెతకడం మొదలుపెట్టారు. తీరా మొదలుపెట్టాక కారణం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదని తెలిసింది. "దురద పుట్టించేది కదా, గరుగ్గా ఉంటదిరా" అంది అచ్చియ్యమ్మ. భేష్ అనుకున్నారు. చీపురు గరుగ్గా ఉంది. అంతే, వీధిలో పడేశారు. ముగ్గురూ అరుగు మీద వరసగా నిలబడి కళ్ళు మూసుకున్నారు.

"ఉందా?" అన్నాడు గవర్రాజు.

"ఉంది" అన్నాడు అబ్బులు.

"నాకూ ఉంది" అన్నాడు పేరన్న.

అయితే చీపురు కాదు. కొబ్బరితాడు పోయింది. నులకమంచం పోయింది. గోనెపట్టాలు పోయాయి. అప్పట్నుంచి వంతు రానివాళ్ళు అరిటాకులు చుట్టుకున్నారు. దురద చెక్కుచెదరలేదు. అప్పుడు అబ్బులుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "దొంగ దొంగలా కనపడతాడేంటి? ఇది మెత్తగా ఉన్నట్టు నటిస్తంది!" ఇంకేముంది, దిండ్లు పోయాయి, బొంత పోయింది, ఉన్ని కంబళి పోయింది. తర్వాత గట్టివి. తర్వాత గుండ్రటివి. తర్వాత ఏవి పడితే అవి. రోలు దొర్లించారు, గంగాళం పడేశారు, బియ్యం డబ్బా పడేశారు. ఒక్కొక్కటీ పారెయ్యడం, అరుగు మీద నిలబడడం, కళ్ళు మూసుకోవడం, "ఉందా? ఉంది." వీళ్ళు కళ్ళు మూసుకున్నప్పుడల్లా బుల్లయ్య ఇంట్లోంచి నలుగురొచ్చి పారేసినవాటిని లోపలికి మోసుకుపోయేవాళ్ళు. కష్టపడి తెచ్చుకోనక్కర్లేకుండా ఇల్లు నిండుతోంటే ఎవడు మాత్రం కాదంటాడు?

పెట్టె ఒక్కటి బతికిపోయింది. అందులో నాన్న పంచెలున్నాయని గవర్రాజు దాని మీద కూర్చుని పారెయ్యనివ్వలేదు.

పేరన్న వేళ్ళు మడిచి చూసుకున్నాడు. జాతర ఇంకా పధ్నాలుగు రోజులుంది. "అన్నయ్యా, గేదె మాటేంటి? అది రోజంతా ఒళ్ళు గోడకేసి రుద్దుకుంటది" అన్నాడు. అనుమానం గట్టిదే. కానీ చిక్కొచ్చింది. సోమయ్యగారు కారణం ఇంట్లో ఉందన్నాడు. గేదె పాకలో ఉంది. ఇంట్లో లేనిదాన్ని ఇంట్లోంచి ఎలా పారేస్తారు? అందుకని ముందు దాన్ని ఇంట్లోకి తీసుకొచ్చారు. ముందు నుంచి ఒకడు లాగాడు, వెనక నుంచి ఇద్దరు తోశారు. గేదె సగం లోపలికొచ్చి గుమ్మంలో ఇరుక్కుంది. రావడానికి లేదు, పోవడానికి లేదు. ద్వారబంధం బద్దలుకొట్టారు. తలుపు ఊడి పడింది. గేదె లోపలికొచ్చింది, వంటింట్లో పేడ వేసింది, అప్పుడు దాన్ని మళ్ళీ బయటికి తోసేశారు. దాంతో పాటు తలుపు కూడా పారేశారు, ఎలాగూ ఊడింది కదా అని. ఆ సాయంత్రం గేదె తనంత తనే వీధి దాటి బుల్లయ్య పశువుల చావడిలోకి నడిచి వెళ్ళింది. ఆ ఇంట్లో కాస్త బుద్ధున్నది అదొక్కటే.

ఇల్లు బోసిపోయింది. దురద మాత్రం నిండుగా ఉంది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ముగ్గురూ కలిసి అమ్మ మొహం చూశారు.

"ఏంట్రా అలా చూస్తారు? నేను కారణాన్నా? తొమ్మిది నెలలు మోసిన తల్లినిరా!" అంది అచ్చియ్యమ్మ.

"అందుకేనమ్మా, నిన్ను విసిరెయ్యం. మెల్లిగా మోసుకెళ్ళి పెడతాం" అన్నాడు అబ్బులు. అన్నట్టే నలుగురూ చూస్తుండగా ఎంతో భక్తిగా మోసుకెళ్ళి వీధి మధ్యలో కూర్చోబెట్టారు. అరుగు మీద నిలబడ్డారు. కళ్ళు మూసుకున్నారు. ఉంది.

"ఇంక మనమే మిగిలాం" అన్నాడు గవర్రాజు. అంతే, ముగ్గురూ బయటికి దూకారు. దూకి చూస్తే దురద వాళ్ళతోనే ఉంది. ఆహా అన్నాడు అబ్బులు. "చూశారా, మనల్ని వెతుక్కుంటూ అదీ బయటికొచ్చేసింది! ఇప్పుడు చటుక్కున లోపలికెళ్ళి తలుపేసుకుంటే అది బయటే ఉండిపోద్ది!" ముగ్గురూ లోపలికి పరిగెత్తారు. తలుపేద్దామని చూస్తే తలుపు లేదు. ఇంకేముంది, ముగ్గురూ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. కారణాన్ని లోపలికి రానివ్వకుండా కాపలా. రెండు చేతులూ అడ్డం పెట్టారు కనక గోక్కోడానికి చెయ్యి లేదు. దురద విజృంభించింది. ముగ్గురూ గెంతుతూ కాపలా కాశారు. జాతరకి ముందే జాతర వచ్చిందని ఊరి పిల్లలు పోగయ్యారు.

పేరన్నకి ఏడుపొచ్చింది. నిజమైన ఏడుపే. వీధికి అవతల బుల్లయ్య నిండు బిందెతో, చుక్క నీరు ఒలక్కుండా నడుస్తున్నాడు. "నాకు గరగ అక్కర్లేదు, బుల్లయ్యకే ఇచ్చెయ్యమను" అని వెక్కుతూ కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే సోమయ్యగారు ఆ వీధిన వచ్చాడు. మందు కోసం మళ్ళీ రాలేదేమా అని ఆయనకే తోచి, చేతికర్రతో బయల్దేరాడు. వచ్చి చూస్తే తలుపు లేని ఇల్లు, వీధి మధ్యలో ముసలమ్మ, గుమ్మంలో ముగ్గురు మొనగాళ్ళు. మధ్యాహ్నం వంతు దాటిపోతోందని అబ్బులు అప్పుడే తడి పంచె విప్పి, నీళ్ళు కారుతున్నదాన్ని పేరన్నకి అందిస్తున్నాడు. పేరన్న ఏడుస్తూనే అది చుట్టుకున్నాడు.

సోమయ్యగారు కర్రతో ఆ పంచె కొస ఎత్తి చూశాడు. "ఒరే, ఇది ముగ్గురూ కడతారా?"

"వంతులవారీగా అండి" అన్నాడు గవర్రాజు గర్వంగా.

"ఎప్పుడూ ఆరెయ్యరా?"

"తీగెకి వాటా లేదండి."

సోమయ్యగారు కర్ర ఎత్తాడు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కారణాన్ని నడుముకి చుట్టుకుని ఇల్లు గుల్ల చేసుకుంటార్రా, గాడిదల్లారా! ఈ పంచేరా కారణం!"

"మీరు ఇంట్లో ఉందన్నారు కదండీ" అన్నాడు అబ్బులు నొచ్చుకుంటూ. "ఇది ఇంట్లో లేదు, ఒంటి మీదుంది. ఒంటి మీద వెతకమంటే ఆ రోజే వెతికేవాళ్ళం."

"మరి నాన్న పంచుకోమన్నాడండి" అన్నాడు గవర్రాజు.

"మీ నాన్న పంచుకోమన్నది కష్టం, సుఖం! తామర కాదు! ఆ పంచె ఇప్పుడే కాల్చెయ్యండి!"

అంతే, అబ్బులు ఎదురింటికి పరిగెత్తి మండుతున్న కట్టె తెచ్చాడు. తెచ్చి పేరన్న నడుం దగ్గర పెట్టబోయాడు. పేరన్న కళ్ళు గట్టిగా మూసుకుని, గరగ కోసం ఏదైనా భరిస్తానన్నట్టు నిలబడ్డాడు. సోమయ్యగారు ఆ కట్టెని కర్రతో ఎగరగొట్టకపోతే కథ ఇక్కడే అయిపోయేది.

"విప్పి కాల్చండిరా, విప్పి!"

ఆయనకి అప్పటికి జ్ఞానోదయమైంది. వీళ్ళకి సగం మాట చెబితే చాలదు, మాటంతా విడమర్చి, ఎక్కడా సందు లేకుండా చెప్పాలి. పెద్ద తెలివైన పని చేస్తున్నాననుకుని, ముగ్గుర్నీ నిలబెట్టి ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు. "ఇప్పట్నుంచి ఎవరి పంచె వాళ్ళే కట్టుకోవాలి. ప్రాణం పోయినా ఒకడిది ఇంకొకడు చుట్టుకోకూడదు. తడి గుడ్డ ఒంటి మీద క్షణం ఉండకూడదు. తడిసిందా, ఎక్కడున్నా సరే, ఎవరున్నా సరే, అప్పటికప్పుడు విప్పెయ్యాలి. ఎండలో పూర్తిగా ఆరాకే మళ్ళీ కట్టుకోవాలి. ఏదీ, అనండి!"

ముగ్గురూ అన్నారు. మూడుసార్లు అనిపించాడు. ఆయన ఇచ్చిన పసరు పొద్దునా సాయంత్రం రాసుకున్నారు. పెట్టెలోంచి పొడి పంచెలు మూడూ తీసి తలా ఒకటి కట్టుకున్నారు. నాలుగో రోజుకి దురద సగమైంది. పదో రోజుకి మచ్చ కూడా మిగల్లేదు. పేరన్న కుండ నెత్తిన పెట్టుకుని పెరడు చుట్టూ ఇరవై చుట్లు తిరిగాడు. చెయ్యి దిగలేదు, కుండ పగల్లేదు. రోజూ పడుకోబోయే ముందు సోమయ్యగారి మాటలు ముగ్గురూ గొంతెత్తి వల్లించేవాళ్ళు.

జాతర వచ్చింది. ఎండ మాడుతోంది. పేరన్న కొత్త పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, ఒంటికి పసుపు రాసుకుని, గరగ ఎత్తుకున్నాడు. రెండు చేతులూ గరగకి అంటుకుపోయినట్టున్నాయి. అటు గవర్రాజు, ఇటు అబ్బులు. డప్పులు మోగాయి. వెనక బుల్లయ్య ఎప్పుడు జారుతుందా అని గుంటనక్కలా నడుస్తున్నాడు. మొదటి వీధి అయింది. ఆడవాళ్ళు వచ్చి చెంబుడు పసుపు నీళ్ళు పాదాల మీద పోసి దణ్ణం పెట్టారు. పంచె మీద చుక్క పడలేదు. రెండో వీధి అయింది. పేరన్న అడుగు తడబడలేదు. ముత్యాలరావుగారు పక్కనున్నవాళ్ళతో, "పరవాలేదయ్యా, అమ్మవారు ఊరికే ఎన్నుకోలేదు వీణ్ణి" అన్నారు. ఆ మాట పేరన్న చెవిన పడింది. గుండె పొంగిపోయింది. ఇరవై మూడేళ్ళ బతుకులో అతని గురించి బయటివాళ్ళు అన్న మొదటి మంచి మాట అది. చివరిది కూడా అదే.

మూడో వీధిలో సొంత ఇల్లు వచ్చింది. అచ్చియ్యమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చెంబుతో కాదు. అన్న మాట ప్రకారం గంగాళంతో. వాళ్ళ గంగాళమే, బుల్లయ్య ఇంట్లోంచి అరువు అడిగి తెచ్చింది. కన్నీళ్ళతో కళ్ళు కనపడక, కొడుకు మీది ప్రేమ ఆపుకోలేక, ఎత్తినదాన్ని ఎత్తినట్టే గుమ్మరించింది. నీళ్ళు బొడ్డు దగ్గర మొదలై పాదాల దాకా దూకాయి. పంచె ముద్దయిపోయింది.

పేరన్న ఆగిపోయాడు. డప్పులు ఆగాయి.

"అన్నయ్యా" అన్నాడు పేరన్న, చేతులు కదపకుండా. "తడిసింది."

"ఎక్కడున్నా సరే" అన్నాడు గవర్రాజు.

"ఎవరున్నా సరే" అన్నాడు అబ్బులు.

"నా చేతులు ఖాళీ లేవు" అన్నాడు పేరన్న.

అంతే. చెరో కొస పట్టుకుని అన్నలిద్దరూ లాగేశారు.

వీధంతా కెవ్వుమంది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. డప్పు కొట్టేవాడు మంచివాడు కనక పరిగెత్తుకొచ్చి తన డప్పు అడ్డం పెట్టాడు. "నీ పంచె ఇవ్వరా వాడికి!" అని ఎవరో గవర్రాజు మీద అరిచారు. గవర్రాజు తన పంచె రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. "ప్రాణం పోయినా ఇవ్వకూడదండి. ఎవరిది వాళ్ళదే!" అబ్బులు అప్పటికే తడి పంచె బుల్లయ్య కంచె మీద ముడత లేకుండా పరుస్తున్నాడు. "కంగారు పడకండి, ఎండ బాగుంది. గంటలో ఆరిపోద్ది. అందాకా అందరూ నీడన కూర్చోండి!"

"ఒరే పేరన్నా!" ముత్యాలరావుగారి గొంతు చిట్లింది. "చేతులు దించరా! దించి ఏదో ఒకటి కప్పుకోరా!"

పేరన్న చిన్నగా నవ్వాడు. పరీక్ష పెడుతున్నారని అతనికి తెలిసిపోయింది. వెనకే బుల్లయ్య చేతులు చాపి నిలబడి ఉన్నాడు మరి. "దించనండి" అన్నాడు. "తల తెగిపడినా దించొద్దని మీరే చెప్పారు."

అచ్చియ్యమ్మ గుమ్మంలో చప్పట్లు కొట్టింది. గుంపు చివర ఎవరో గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని, సందులోంచి జారుకుందామని చూస్తున్నారు. ఆ గొడుగు కింద ఉన్న చేతికర్రని పేరన్న గుర్తుపట్టాడు. అతనికి పట్టరాని కృతజ్ఞత కలిగింది. ఈ రోజు ఈ గరగ నిలిచిందంటే ఎవరి చలవ?

"సోమయ్యగారండీ!" అని వీధి అదిరేలా కేకపెట్టాడు. "ఎల్లిపోతారేంటండీ! ఒరే, ఆ డప్పు కాస్త పక్కకి తియ్యరా, అయ్యగారికి కనపడదు! ఇటు చూడండి అయ్యగారూ, మచ్చ కూడా లేదు! మీరూ చూడండమ్మా, అందరూ చూడండి!"

గరగ మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.